నాలుగో చందా

ఇప్పటికే మూడున్నాయి.
ఒకటి టౌనో హాకీ కోసం.
ఒకటి ఎందుకు కడుతున్నామో ఇద్దరికీ గుర్తు లేదు.
మూడోదాంట్లో మా చెల్లెలి మాజీ మొగుడు
ఇంకా ఎర్రటి గుండ్రంలో నవ్వుతూ కూర్చున్నాడు.
తీసెయ్యడం ఎలాగో తెలీక
మూడేళ్ళుగా మేపుతున్నాం.

ఇప్పుడు నాలుగోది. నెలకు తొమ్మిది యూరోలు.
"ఎంతలే, రెండు కాఫీలు, ఒక ఏలకుల బన్ను"
అంటుంది సిర్కా,
ఆస్పత్రి లాండ్రీలో దుప్పటి అటు చివర పట్టుకుని.
ఆ బన్ను నేను కొనుక్కోను కాబట్టే
ఆ మూడూ నడుస్తున్నాయని
దానికెలా చెప్పను?

పది గంటల విరామంలో బల్ల చుట్టూ అదే కథ.
గడ్డకట్టిన సరస్సు, ఎర్రకోటు ఆవిడ,
ఆ పడవలో ఎవరు, ఆ తాళంచెవి ఎవరిది.
పిలవని పెళ్ళిలో వడ్డించినవన్నీ
పూసగుచ్చినట్టు చెబుతారు నాకు.
నేను కప్పులో చెంచా తిప్పుతాను.
నేను చక్కెర వేసుకోనని
ఒక్కరికీ తట్టదు.

టౌనో ఔలు వీధుల్లో మంచు తోసే బండి నడుపుతాడు.
జనవరిలో ఒక పొద్దున బూట్లు విప్పుతూ అన్నాడు:
"నీ ఎర్రకోటు కనబడింది."
తుయిరా వైపు నింపాదిగా పోతుంటే
కింది అంతస్తుల్లో కిటికీకో ముక్క,
ఒకే కథ నీలంగా వెలుగుతోందట.
ఒకింట్లో ఆవిడ తలుపు తడుతోంది,
నాలుగిళ్ళు దాటినా తలుపు తెరుచుకోలేదు,
మలుపు తిరిగేసరికి శవం.

చప్పుడు వినబడదు కదా, మాటలు తనే పెట్టాడు.
ఇరవై ఆరేళ్ళ కాపురంలో
రోజుకు పట్టుమని పది మాటలాడని మనిషి
గంజి చల్లారిపోతున్నా ఆపలేదు.
పోలీసమ్మకు నత్తి పెట్టాడు.
పడవవాడికి అప్పులు పెట్టాడు.
ఒక ముసలి కుక్కను పెట్టాడు, ఎడమ చెవి చిరిగినది,
మంచు మీద వాసన పట్టుకుంటూ
అందరికంటే ముందు నిజం దాకా నడిచేది.
ఎడమ చెవి అన్నప్పుడు
నేను పొయ్యి వైపు తిరిగాను.
దాని గిన్నె మేమింకా తీయలేదు.

లాండ్రీలో చెప్పాను.
"కుక్కేమిటి?" అంది సిర్కా.
"నువ్వు సరిగ్గా చూడలేదు" అన్నాను.

మంచు పడిన రాత్రల్లా నాకొక భాగం.
పడని రాత్రి అతను నిద్రపోతాడు, కథ కూడా.
వాతావరణ వార్తలు అంత ఆశగా
నా జన్మలో వినలేదు.

ఏప్రిల్‌కి చూరు నీళ్ళు మొదలయ్యాయి.
రాత్రులు తెల్లబడ్డాయి, జనం తెరలు దించేశారు.
కుక్క సరస్సు నడిమధ్య నిలబడి ఉంది,
కాళ్ళ కింద మంచు పలచబడుతోంది.
"తర్వాత?" అన్నాను.
"తెలీదు" అన్నాడు,
మళ్ళీ పది మాటల మనిషైపోయి.

ఆ రాత్రే కార్డు తీసి అంకెలు కొట్టాను.
ఎనిమిది భాగాలు,
అతను నిద్రపోయాక, రెండు రాత్రులు.
ఎర్రకోటు బానే ఉంది. చంపింది బావ.
పోలీసమ్మ గడగడా మాట్లాడుతుంది.
కుక్క లేదు.
వెనక్కి తిప్పి తిప్పి చూశాను,
సరస్సు ఉంది, మంచు ఉంది,
ఒక్క పాదముద్ర లేదు.

రద్దు చెయ్యబోతే అడిగింది: ఎందుకు వెళ్ళిపోతున్నారు?
ధర ఎక్కువా? చూసేందుకేమీ లేదా?
ఐదు కారణాలిచ్చి ఒకటి ఏరుకోమంది.
నాది అందులో లేదు.
'ఇతరం' నొక్కాను.

పొద్దున టౌనో రొట్టెకు వెన్న రాస్తూ,
నా వైపు చూడకుండా,
"కుక్క ఏమైంది?" అన్నాడు.
"ఒడ్డుకు చేరింది" అన్నాను.
తలూపి, బండికి వేసవి టైర్లు మార్చడానికి
కిందికి దిగాడు.

రద్దు చేసినా నెలాఖరు దాకా చూడొచ్చట.
ఆ సంగతి అతనికి చెప్పలేదు.